ఘుట్టీ పెట్టే చేయి

సబియాకు తొమ్మిదో నెల వచ్చేసరికి ఆ ఇంట్లో ఒకే ఒక్క తగాదా మిగిలింది. ఏ ఆసుపత్రి అన్నది తేలిపోయింది. పేరు సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. ఎటూ తెగనిది మాత్రం ఘుట్టీ సంగతి. బిడ్డ పుట్టగానే నాలుక మీద ఒక చుక్క తేనె రాస్తారు, దాన్నే వాళ్ళ ఇళ్ళల్లో ఘుట్టీ అంటారు. ఏ చేయి ఆ తేనె పెడుతుందో ఆ మనిషి బుద్ధులే బిడ్డకు వస్తాయని నమ్మకం. అందుకని ఎవరు పడితే వాళ్ళు పెట్టరు. బంధువులందరిలోకీ ఎవరిని చూస్తే మన బిడ్డ ఇలా పెరగాలనిపిస్తుందో, ఆ మనిషిని వెతికి, పిలిచి, బతిమాలి పెట్టిస్తారు. పెట్టినవాళ్ళకు అది జీవితకాలం చెప్పుకోదగ్గ గొప్ప. కాకపోతే పిల్లవాడు పెరిగి ఏ ఎదురింటి అద్దమో పగలగొట్టినప్పుడు, "వీనికి ఘుట్టీ పెట్టిన మహానుభావుడెవురప్పా?" అన్న మాట కూడా వాళ్ళే పడాలి.

సబియా అత్త రహిమున్నీసాను అడిగితే ఇందులో ఆలోచించాల్సిందే లేదు. ఆమె తమ్ముడు ఫైజల్ ఉన్నాడు కదా! తిరుపతి నుంచి కాళహస్తికీ కాణిపాకానికీ యాత్రికుల్ని తిప్పే ఎనిమిది కార్లకు యజమాని. నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఏ పెళ్ళికైనా ముందు ఆయన కారే వచ్చి ఆగాలి. అలాంటి చేయి ఇంట్లో పెట్టుకుని వేరే చేయి వెతకడం దేనికని ఆమె వాదన.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఫైజల్‌తో సహా అందరూ భోజనాల దగ్గరుండగా, ఆమె ఆ మాటను ఖాయం చేయబోయింది.

"తేనె సీసా గూడా మా తమ్ముడే తెస్తా అన్నాడు. ఇంగ దాని గురించి మాట్లాడే పన్లే" అంది.

సబియా పళ్ళెంలో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "ఘుట్టీ పెద్దమామ పెట్టాల."

ఫైజల్ చేతిలోని ఎముక చేతిలోనే ఆగింది. సబియా మొగుడు అష్ఫాక్ గోడగడియారం వైపు చూసి, "నాకి షిఫ్టుకి టైమైపోయింది" అని సగం భోజనంలో లేచి చేయి కడుక్కున్నాడు. రేణిగుంట గోడౌనులో అతని షిఫ్టు మొదలవడానికి ఇంకా రెండు గంటలుంది.

పెద్దమామ అంటే కాశిం సాహెబ్. రహిమున్నీసా చనిపోయిన భర్తకు అన్న. ఆ ఇంటి మిద్దె మీద ఒక గదిలో ఉంటాడు, ఆ పూట భోజనానికి ఇంకా దిగలేదు. అరవై ఏడేళ్ళు. భార్య పెళ్ళయిన రెండేళ్ళకే పోయింది, పిల్లలు లేరు. బస్టాండు వెనక లాడ్జీల వీధి మొదట్లో ఒక పెద్ద నల్లగొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులు చేస్తాడు, పని లేనప్పుడు పలకరించినవాళ్ళకల్లా కబుర్లు చెబుతాడు. వాళ్ళది కార్వేటినగరం. అక్కడి కోట తలుపుల తాళాలన్నీ తన తాత చేతుల మీదుగా పోయినవేనని ఆయన చెబుతాడు. ఎన్ని తాళాలని అడిగితే మాత్రం అంకె ప్రతిసారీ కొంచెం పెరుగుతూ ఉంటుంది.

"మా బావ మంచోడే, నేను కాదన్లా" అంది రహిమున్నీసా, గొంతు కొంచెం తగ్గించి. "కానీ నలభై ఏండ్లుగా అదే గొడుగు, అదే గోనెపట్ట. పక్కన కూసున్నోళ్ళు అంగళ్ళు పెట్టినారు, మిద్దెలు కట్టినారు. ఈయన కదల్లా. బిడ్డ గూడా అట్ల రోడ్డుమీద కూసోవాల్నా చెప్పు?"

"కూసున్నా పర్వాలేదు అత్తమ్మా" అంది సబియా. "తొమ్మిది నెలలు మోసింది నేను, కనేది నేను. ఈ ఒక్కటి నా మాట పోనీండి."

ఆ పిల్ల పెళ్ళయి వచ్చిన ఈ మూడేళ్ళలో ఎదురు చెప్పింది అదే మొదటిసారి. రహిమున్నీసా ఆమె పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది.

కాశిం సాహెబ్‌లో సబియాకు అంతగా నచ్చిందేమిటంటే చెప్పడం తేలికే గాని, దానికి ముందు ఆయన పని తీరు తెలియాలి. తిరుపతిలో తాళంచెవులు పోయినంతగా ఇంకెక్కడా పోవు. కొండమీద గుండు చేయించుకుని, కోనేట్లో మునిగి, క్యూలో గంటలు నిలబడి కిందికి వచ్చేసరికి జనానికి పుణ్యం మిగులుతుంది, సూట్‌కేసు తాళంచెవి మిగలదు. అలాంటివాళ్ళందరూ పెట్టె మోసుకుని కాశిం దగ్గరికి వస్తారు. ఆయన వెంటనే పనిముట్టు చేతిలోకి తీసుకోడు. ముందు అడుగుతాడు: "లోపల ఏముండాయో చెప్పప్పా." వాళ్ళు చెప్పాలి. చెప్పింది విని తాళం తీసి, మూత నాలుగు వేళ్ళు మాత్రం ఎత్తి, తానొక్కడే తొంగి చూస్తాడు. సరిపోతే పెట్టె వాళ్ళ వైపు తిప్పుతాడు. సరిపోకపోతే మళ్ళీ నొక్కి మూసేస్తాడు.

ఒకసారి గుండు మీద గంధం కూడా ఆరని ఒకాయన ఎర్ర సూట్‌కేసు తెచ్చాడు. భార్య చీరలు, పిల్లల గౌన్లు, స్టీలు టిఫిను డబ్బా ఉన్నాయన్నాడు. మూత ఎత్తితే లోపల మగవాళ్ళ పంచెలు, మృదంగం శ్రుతి చేసే సుత్తి, రెండు సీసాల గోంగూర పచ్చడి. కాశిం మూసేసి, "ఇది నీది కాదు, కూసో" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. "నా పెట్టె నాకు తెలీదా? నేను దొంగలా కనిపిస్తున్నానా?" అని ఎగిరాడు. "దొంగవైతే ఇంత అరవవు, కూసో" అన్నాడు కాశిం, టీ తెప్పించి ఇచ్చాడు. అరగంటకు ఇంకో గుండు, ఇంకో గంధం, ఇంకో ఎర్ర సూట్‌కేసు వచ్చాయి. లాడ్జీ కౌంటరు దగ్గర పెట్టెలు తారుమారయ్యాయి. పెట్టెలు ఒకేలా ఉన్నాయి, మనుషులూ ఒకేలా ఉన్నారు. ఎవరి పెట్టె ఎవరిదో తేల్చేదాకా ఇద్దరికీ ఇంకో టీ. వెళ్ళేటప్పుడు మృదంగం ఆయన ఒక పచ్చడి సీసా కాశిం చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ వేసవి అంతా మిద్దె మీద గోంగూర వాసనే.

ఈ పద్ధతి వల్ల ఆయనకు నష్టాలూ ఉన్నాయి. ఒక లాడ్జీ మేనేజరు, ఎవరో వదిలిపోయిన పెట్టె తెరవమంటే, "మనిషి రానీ" అని తిప్పి పంపాడు. అప్పటి నుంచి ఆ లాడ్జీవాళ్ళు ఆయన్ని పిలవరు. ఆయన మాత్రం ఆ మేనేజరు ఎదురుపడితే ఏమీ జరగనట్టు, "తిన్యావా అబ్బా?" అని పలకరిస్తాడు.

ఇక సబియా మాట. ఆమెకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్ళయిన మూడో నెలలో చిత్తూరులో నాయన దగ్గర పదిరోజులుందామని వెళ్ళింది. ఇక్కడ రహిమున్నీసాకు ఉన్నట్టుండి ఒక పట్టుచీర కావాల్సి వచ్చింది. అది కోడలి బీరువాలో ఉందని ఆమె అనుమానం. నిజం చెప్పాలంటే చీర మీదకంటే, కొత్తకోడలు ఆ బీరువాలో ఏం పెట్టుకుందోనన్న దాని మీదే ఆమెకు ఎక్కువ ఆసక్తి. ఆమె చెడ్డ మనిషి కాదు, కుతూహలం ఆపుకోలేని మనిషి, అంతే. బావను మిద్దె మీద నుంచి పిలిచింది. కాశిం సంచీతో దిగి వచ్చి బీరువా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సబియాకి ఫోన్ చేసినావా?" అన్నాడు.

"ఆ పిల్లకి ఎందుకు బావా? మన ఇంట్లో బీరువాకి ఎవుర్ని అడగాల?"

"బీరువా మనదే మ్మా. లోపల ఉండేది ఆ పిల్లది గదా. రవ్వంత ఫోన్ చెయ్యి, సరే అంటే ఒక్క నిమిషంలో తీస్తా."

రహిమున్నీసా ఫోన్ చేయలేదు. ఆయన అక్కడే కూర్చుని టీ తాగాడు, ఆ తర్వాత ఇంకో టీ తాగాడు, సంచీ తీసుకుని మిద్దె ఎక్కిపోయాడు. సబియా తిరిగి వచ్చిన రోజున అత్తే ఈ సంగతి చెప్పింది, అదీ ఫిర్యాదుగా. "మీ పెద్దమామ ఎంత మొండోడో సూడు, సొంత ఇంట్లో గూడా తాళం తియ్యనంటాడు!"

ఆ బీరువాలో ఏమీ లేదు. మడత పెట్టిన బట్టలు, పదో తరగతి సర్టిఫికెట్లు, సగం తిన్న మామిడి తాండ్ర పొట్లం. దాచుకోవాల్సినంత రహస్యం ఆ పిల్ల బతుకులో ఇంకా పుట్టనే లేదు. అయినా ఆ మధ్యాహ్నం సబియా గది తలుపు మూసుకుని బీరువాకు వీపు ఆనించి కూర్చుని బాగా ఏడ్చింది, సంతోషంతోనే. తల్లి లేని పిల్లగా ఆమె పెరిగిన ఇళ్ళల్లో ఎవరి చేయైనా ఆమె పెట్టెలోకి వెళ్ళేది. ఇక్కడ, ఆమె ఊళ్ళో లేనప్పుడు, ఆమె కనబడనప్పుడు, ఆమెది ఆమెదేనని ఒక మనిషి అనుకున్నాడు. తనకు పుట్టే బిడ్డ ఎనిమిది కార్లు కొన్నా కొనకపోయినా సరే, ఇలాంటి మనిషి కావాలని ఆమె ఆ రోజే కోరుకుంది.

భోజనాల దగ్గర మాట అయిన ఆ శుక్రవారం సాయంత్రమే, నెలలు నిండిన బరువుతో, ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కి ఆయన గదికి వెళ్ళింది. కాశిం ఒక తాళంచెవిని ఆకురాయితో అరగదీస్తున్నాడు.

"మామా, ఘుట్టీ మీరే పెట్టాల."

ఆయన అరగదీయడం ఆపలేదు. "ఎగతాళికి నేనే దొరికినానా తల్లీ?" అన్నాడు.

"ఎగతాళి కాదు మామా. అందరి ముందరా చెప్పేసినాను."

అప్పుడు ఆకురాయి కింద పెట్టాడు. కాసేపు తన చేతుల వైపే చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ ఇత్తడి నలుపు.

"మన ఇండ్లల్లో ఇంతమంది బిడ్డలు పుట్టినారు" అన్నాడు మెల్లగా. "ప్రతిసారీ కొత్త చొక్కా ఏసుకొని పోయినాను. ఎవురూ నన్ను అడగలా. పెండ్లాం పోయినోడు, బిడ్డల్లేనోడు, ఎట్ల అడుగుతారులే అనుకొని వచ్చేసేవాణ్ణి." కింద పడిన ఇత్తడి పొడిని కాగితంలోకి ఊడ్చుకున్నాడు.

మరుసటి రోజు నుంచి ఆ ఇంట్లో వేడుక మొదలైంది. కాశిం ముక్కుపొడి మానేశాడు. నలభై ఏళ్ళ అలవాటు, ఒక్క రోజులో డబ్బాతో సహా ఎవరికో ఇచ్చేశాడు. ఎందుకని అడిగితే, "నా బుద్ధులే వస్తాయంటారు గదా, ఆ పసిగుడ్డు ముక్కుపొడి అడిగితే ఏం చెయ్యాల?" అన్నాడు. అంతటితో ఆగలేదు. రోజుకొక లోపం వెతికి పట్టుకుని, మెట్లు దిగి వచ్చి సబియా ముందు పెట్టేవాడు.

"సబియా, నాకి కోపమొస్తే అన్నం తినను. అది బిడ్డకి రాకూడదు. ఈ పొద్దు నుంచి కోపమొస్తే రెండు ముద్దలు ఎక్కువే తింటా."

ఇంకో రోజు: "నిద్రలో పండ్లు కొరుకుతానంట. దానికేం మందుండాదో కనుక్కో."

ఇంకో రోజు తలుపు దగ్గరే నిలబడి, సిగ్గుపడుతూ: "కోట తాళాలు నూట ఇరవై అని చెబుతా ఉంటాను గదా... మా తాత బాగుచేసింది మూడే."

సబియా నవ్వలేక డొక్కలు పట్టుకునేది. "చాలు మామా, ఈడే కాన్పు అయిపోయేట్టుంది" అనేది. పనిలో పనిగా ఆయన రోజూ పొద్దున, సాయంత్రం నిమ్మ తొక్కలతో, చింతపండుతో వేళ్ళు తోముకునేవాడు. పనికి కూర్చుంటే మళ్ళీ నలుపు అంటుకునేది, వచ్చి మళ్ళీ తోమేవాడు. వంటింట్లో చింతపండు తరిగిపోతోందని రహిమున్నీసా సణిగింది గాని, డబ్బా దాచలేదు.

ఒక గురువారం పొద్దున పది గంటలకు, ప్రభుత్వ ఆసుపత్రిలో, సబియాకు ఆడపిల్ల పుట్టింది. అమ్మ ముక్కు, నాయన చెవులు, గొంతు మాత్రం ఫైజల్ మామదేనని అందరూ అన్నారు. బిడ్డను తుడిచీ తుడవగానే నర్సు తల్లి దగ్గర పడుకోబెట్టి పాలు పట్టించేసింది. ఘుట్టీ కంటే ముందు పాలా అని రహిమున్నీసా నొచ్చుకుంది, అంతలోనే, సరే తేనె తర్వాతైనా తేనే కదా అని సర్దుకుంది.

ఫైజల్ అందరికంటే ముందు కారులో దిగాడు, తేనె సీసాతో. కాశిం రాలేదు. అష్ఫాక్ ఫోన్ చేస్తే, వరంగల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రలు పెట్టెలో చిక్కుకున్నాయని, అది తీసి ఇచ్చి వస్తానని చెప్పాడు.

"ఈ పొద్దు గూడా తాళమేనా!" అంది రహిమున్నీసా. "ఫైజల్ ఉండాడు, తేనె ఉండాది. ఎంతసేపని చూస్తావు?"

"ఎంతసేపైనా" అంది సబియా, దిండు మీద నుంచే.

ముప్పావుగంటకు కాశిం వచ్చాడు. తెల్లటి జుబ్బా, తల దువ్వుకుని, అత్తరు రాసుకుని. ఆ జుబ్బా పది రోజులుగా పనిముట్ల సంచీలోనే మడత పెట్టి ఉందట, లాడ్జీ స్నానాలగదిలో మార్చుకుని వచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాచి నడుస్తున్నాడు, దేనికీ తగలకుండా. గోళ్ళ సందుల్లో కూడా నలుపు లేదు. రహిమున్నీసా ఆ చేతుల్ని చూసింది. ఇంటి నుంచి తెచ్చిన మూత ఉన్న వెండి గిన్నెలో తేనె పోసి, మొహం ముడుచుకునే అయినా, తమ్ముడికి కాకుండా బావకే అందించింది.

అంతలో నర్సు వచ్చింది. కోమలి అని ఆమె కోటు మీద రాసుంది. గిన్నె చూడగానే ఆమెకు అంతా అర్థమైంది.

"తేనెనా? వద్దు వద్దు" అంది. "సంవత్సరం నిండేదాకా బిడ్డకి తేనె పెట్టకూడదు."

"ఒక్క చుక్కే మ్మా, మా ఆచారం" అంది రహిమున్నీసా.

"చుక్క గూడా వద్దు పెద్దమ్మా. అందరికీ ఇదే చెబుతాండాం."

"ఎందుకమ్మా?" అని అడిగాడు కాశిం. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలని అడిగాడు. కోమలికి కూడా అది తెలిసింది. తేనెలో కంటికి కనబడని విషక్రిములు ఉండొచ్చని, పెద్దవాళ్ళ కడుపు వాటిని తట్టుకుంటుంది గాని పసికందుల కడుపుకు ఆ శక్తి ఉండదని, ఎప్పుడో ఎవరికో జరిగినా ప్రాణం మీదికి వస్తుందని నిదానంగా చెప్పింది. చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

ఆమె అటు తిరగగానే ఇక్కడ అందరికీ ఊపిరి వచ్చింది. ఫైజల్ వెళ్ళి ఆమెకు ఇటు కనబడకుండా తన వెడల్పాటి ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడ్డాడు. పాపం, తనకు రాని భాగ్యానికి తానే కాపలా. "పెట్టేయ్ బావా, బిరబిరా" అని గుసగుసగా అన్నాడు.

"మనమంతా తేనె నాకి పెరిగినోళ్ళమే గదా" అంది రహిమున్నీసా. "పెట్టు బావా. ఎవురు సూస్తారు?"

కాశిం చూపుడువేలు గిన్నె మూత మీద ఉంది. సబియా ఆ వేలినే చూసింది. ఆ క్షణంలో ఆమెకు ఒక భయం, ఒక జాలి కలిసి వచ్చాయి. పెట్టేస్తాడేమోనని భయం. పెట్టకపోతే, పాపం, ఈ మనిషికి ఇంకెప్పుడూ ఇలాంటి రోజు రాదేనని జాలి.

కాశిం మూత మీద నుంచి వేలు తీసేశాడు. గిన్నెను కిటికీ పక్కన పెట్టాడు.

"వద్దులే రహిమున్నీసా" అన్నాడు. "ఆ బిడ్డకి నోరుండాది గానీ వద్దని చెప్పేదానికి మాట లేదు. దాని మాట ఆ నర్సమ్మ చెప్పింది. చెవిన పడినాక ఎట్ల పెట్టేది?"

"నెలరోజుల నుంచి ఆ చేతులు తోముకుంటా ఉండావే బావా..." అంది రహిమున్నీసా. ఈసారి ఆమె గొంతులో వాదన లేదు.

"తోముకున్నాలే. శుభ్రమయినాయి గదా, ఏం నష్టం?" అని నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఎత్తి, బిడ్డ కోసం కడుక్కున్న చేయి అని గుర్తొచ్చి, భుజంతో తుడుచుకున్నాడు.

ఫైజల్ కూడా కాపలా మానేసి వచ్చి మంచం పక్కన ఊరికే నిలబడ్డాడు. "అయితే ఇంగ ఘుట్టీ లేనట్టేనా?" అంది రహిమున్నీసా దిగులుగా. "మా వంశంలో ఘుట్టీ లేని బిడ్డ లేదు. ఈ పిల్ల ఎవురి బుద్ధితో పెరగాల?"

"లేకపోవడమేంది అత్తమ్మా" అంది సబియా. "ఇప్పుడే పెట్టినాడు గదా. మీ కండ్ల ముందరే."

రహిమున్నీసా కోడలి మొహం చూసింది. కిటికీ దగ్గర మూత తీయని గిన్నె వైపు చూసింది. ఆ రోజు ఆయన తెరవని బీరువా గుర్తొచ్చింది. కొంగు సర్దుకుని, వంగి, గుడ్డల్లోని బిడ్డను జాగ్రత్తగా తీసి కాశిం చేతుల్లో పెట్టింది. ఆయనకు పసిబిడ్డను పట్టుకోవడం తెలియదు. మోచేతులు ఎక్కడ ఉంచుకోవాలో ఆమే సర్ది చూపించింది.

కోమలి తిరిగి వచ్చేసరికి బిడ్డ ఒక ముసలాయన చేతుల్లో ఉంది. "ఈయనెవురు పెద్దమ్మా? బిడ్డకి ఏమవుతాడు?" అని అడిగింది.

"మా బావ" అంది రహిమున్నీసా, వార్డంతా వినబడేలా. "మా బిడ్డకి ఘుట్టీ పెట్టినాయన."

"పెట్టేసినారా!" కోమలి ఒక్క ఉరుకున వచ్చి బిడ్డ గడ్డం పట్టుకుని నోరు తెరిచి చూడబోయింది. "అంత చెప్పినానే! ఎప్పుడు పెట్టినారు?"

"లేదమ్మా, లేదు, మూత గూడా తియ్యలా!" అని కాశిం కంగారుగా ఒట్టు వేస్తుంటే, ఫైజల్ నవ్వు ఆసుపత్రి గేటుదాకా వినిపించింది. రహిమున్నీసా మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు.